కారవాన్ కొనేముందు బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకోండి

టెంపో ట్రావెలర్‌ని కారవాన్‌గా, అంటే లోపలే మంచం, వంటగట్టు, బాత్రూం ఉండే బండిగా మార్పిద్దామని అనుకున్నప్పటి నుంచి రాయగడలో మా వాళ్లంతా సీట్ల రంగు, టీవీ సైజు అంటున్నారు, నాకు మాత్రం బాత్రూం గురించే టెన్షన్. కాగితం మీద కొలతలు నమ్మకండి. లోపలికెళ్లి తలుపేసుకుని, తల రుద్దుకుంటున్నట్టు రెండు మోచేతులూ పైకెత్తండి, తర్వాత పాదాలు తోముకోవడానికి వంగండి, మోచెయ్యి గోడకు తగిలినా వెనక కుళాయి గుచ్చుకున్నా ఆ బండి వద్దు. కమోడ్ మీద కూర్చుంటే మోకాళ్లు తలుపుకి ఆనకూడదు. మా అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, పట్టుకుని లేవడానికి గోడకి ఒక కడ్డీ లేకపోతే ఆవిడ మాతో రానే రారు.

చిన్న బండ్లలో కమోడ్, షవర్ ఒకేచోట ఉంటాయి, ఒకరు స్నానం చేస్తే అంతా తడే. షవర్ విడిగా ఉంటే హాయే, కానీ ఆ చోటు మంచం నుంచో వంటగట్టు నుంచో పోతుంది. అందుకే రెండూ ఒకేచోట ఉన్నా, తడి ఆరడానికి పైన గాలి లాగే ఫ్యాన్ ఉంటే చాలని నా అభిప్రాయం.

అసలు చూడాల్సింది డ్రెయిన్. కోరాపుట్ వైపు, 1672 మీటర్ల దేవమాలి కొండ దారుల్లో చదునైన చోటు దొరకడం కష్టం, డ్రెయిన్ ఒక మూలే ఉండి, బండి రెండో పక్కకి వాలితే నీళ్లు డ్రెయిన్‌కి ఎదురు మూలన నిలిచిపోతాయి, అందుకే రెండు మూలల్లోనూ డ్రెయిన్ అడగండి.

షవర్ నిమిషానికి 8 లీటర్లు పోస్తే 100 లీటర్ల ట్యాంకు 12 నిమిషాలకే అయిపోతుంది, పైగా ఆ నీళ్లే ఘాట్ రోడ్డులో 100 కిలోల బరువు. చేతి షవర్‌కి ఆపే బటన్ తప్పనిసరి. మురికినీళ్ల ట్యాంకు 40 లీటర్లే పెడతామంటే ఒప్పుకోకండి.