యూరియా గడ్డి, మా అమ్మ, రెండు బర్రెలు

మార్చి మూడో వారంలో మా చేలో కోత మిషన్ దిగిన రోజు నా బుర్రలో ధాన్యం తప్ప ఇంకేమీ లేదు. తేమ ఎంత చూపిస్తుంది, పుట్టికి ఎంత పలుకుతుంది, లారీ ఎప్పుడు దొరుకుతుంది, ఇదే టెన్షన్. మాది నెల్లూరు జిల్లాలో సంగం దగ్గర, పెన్నా ఒడ్డు ఊరు. మూడెకరాల మాగాణి, ఎకరంన్నర నిమ్మతోట, పాలిచ్చే బర్రెలు రెండు, ఒక పడ్డ, సంక్రాంతికి పుట్టిన దూడ. నాయనకు మోకాళ్ళ నొప్పులు ముదిరాక రెండేళ్ళుగా సేద్యం నేనే చూస్తున్నాను.

కిందటేడు ధాన్యం అమ్మిన సంతోషంలో గడ్డిని చేలోనే వదిలేశాను. సగం ఎవరో తోలుకుపోయారు, మిగతాది తగలబడింది. మే నెల వచ్చేసరికి ట్రాక్టరు గడ్డి కోసం ఊళ్ళమ్మట తిరిగాను. దొరికింది కూడా వానకు తడిసి నల్లబడిన గడ్డి. అందుకే ఈసారి కోత అయిన మూడో రోజే కట్టలు చుట్టే మిషన్‌ను పిలిచాను. పిలిచినంత మాత్రాన రాదు గదా. సీజన్‌లో వాళ్ళు పెళ్ళికొడుకులు. రేపు, ఎల్లుండి అంటూ నాలుగు రోజులు తిప్పాడు. ఈలోగా పక్క చేను ఆయన తన గడ్డికి నిప్పు పెట్టాడు. గాలి మా వైపు తిరిగింది. నేనూ, ఇంకో ఇద్దరూ గట్టు మీద వేపమండలు పట్టుకుని కొట్టి కొట్టి ఆపాం. ఒక మూల ఎటూ పోయింది. మిగిలినదాంట్లో 130 కట్టలు వచ్చాయి. ఒకటి తూకం వేస్తే 14 కిలోలు తూగింది.

రైతు సేవా కేంద్రంలో పశువుల సహాయకుడు ఒక కుర్రాడు ఉన్నాడు. నట్టల మందు కోసం వెళ్ళినప్పుడు గడ్డి సంగతి చెప్పాను. "గడ్డి ఉంటే చాలదన్నా, అందులో బలం లేదు. ఊరబెట్టి పెట్టు" అన్నాడు. ఎండు వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే ఉంటాయట. యూరియా నీళ్ళు చల్లి గాలి చొరకుండా మూడు వారాలు కప్పిపెడితే ఏడెనిమిది శాతం దాకా పెరుగుతాయి, గడ్డి మెత్తబడి గొడ్డుకు బాగా అరుగుతుంది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్ళు. లెక్క ఇంతే.

ఇంటికొచ్చి చెప్తే మా అమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది. "యూరియానా? గొడ్లకా? నీకేమన్నా మతి పోయిందా నాయనా?" ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. పదేళ్ళ కింద మా వీధిలోనే ఒక ఆవు యూరియా కలిపిన బకెట్‌లో మూతిపెట్టి, కడుపు ఉబ్బి, గంటల్లో పోయింది. అమ్మ కళ్ళారా చూసింది. యూరియా నేరుగా కడుపులోకి పోతే విషం, గడ్డిలో ఊరితే అది అమ్మోనియాగా మారి గడ్డికి పట్టేస్తుందని నేను చెప్పాను. "నువ్వు మారుస్తావా దాన్ని?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మొదటి కుప్ప నిజంగానే చెడగొట్టాను. యూట్యూబ్‌లో రెండు వీడియోలు చూసి పండితుడినైపోయాను. నీళ్ళు కొలవకుండా పైపుతో కొట్టాను, అడుగు వరుసలు చిత్తడిగా, పైవి పొడిపొడిగా మిగిలాయి. కట్టలు పూర్తిగా విప్పలేదు, తొక్కలేదు. పైన పట్ట కప్పి నాలుగు రాళ్ళు పెట్టి వదిలేశాను. నాలుగో రోజు రాత్రి గాలికి పట్ట లేచిపోయింది. మళ్ళీ కప్పాను గానీ పన్నెండో రోజు తీసి చూస్తే అంచులంతా తెల్ల బూజు. ముక్కుకు రావాల్సిన ఘాటు వాసన లేదు, ముక్కిన వాసన వచ్చింది. బూజు పట్టిన గడ్డి గొడ్లకు పెట్టకూడదు.

అమ్మ ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. నాయన మాత్రం మంచం మీద నుంచే "దాన్ని నిమ్మచెట్ల పాదుల్లో పరిచెయ్" అన్నాడు. నిజానికి మా ఇంట్లో గడ్డి మీద ఏటా తగాదానే. బర్రెలకని నేను, తోటకని ఆయన. ఎండాకాలం నిమ్మకు ధర ఉంటుంది, అప్పుడే నీళ్ళు తగ్గుతాయి. పాదులో గడ్డి పరిస్తే తేమ నిలిచి రెండు తడుల మధ్య చెట్టు వాడదు. బూజు గడ్డంతా అక్కడికి పోయింది. మొదలుకు ఆనకుండా జానెడు ఖాళీ వదిలి పరవమన్నాడు, లేకపోతే మాను దగ్గర తేమ నిలిచి బంక తెగులు వస్తుందని.

రెండోసారి ఆ కుర్రాణ్ణే పిలిచాను. 400 కిలోల గడ్డి, 16 కిలోల యూరియా, 220 లీటర్ల నీళ్ళు. ముందుగా నేల చదును చేసి పట్ట పరిచాం. కట్టలు విప్పి జానెడు మందం వరుస వేయడం, దాని వంతు యూరియా నీళ్ళు పూలకుండీలకు పోసే జల్లు డబ్బాతో సమంగా చల్లడం, ఎక్కి తొక్కడం, మళ్ళీ వరుస. ప్రతి వరుసకూ ఎన్ని డబ్బాలో ముందే లెక్క కట్టుకున్నాం. తొక్కడం దగ్గర బద్ధకం పనికిరాదు, లోపల గాలి ఉంటే నా మొదటి కుప్ప గతే. పైన పట్ట కప్పి చుట్టూ అంచుల మీద బురదమట్టి మెత్తాం. కలిపిన బకెట్లు కడిగిన నీళ్ళు ఎక్కడ పోస్తున్నానో అమ్మ వెంటబడి చూసింది. నిమ్మచెట్టుకు పోశాక గానీ లోపలికి పోలేదు. మిగిలిన యూరియా మూట అటక ఎక్కింది.

21 రోజులు. ఈలోగా ఎండు గడ్డితో పాటు పిల్లిపెసర అక్కరకొచ్చింది. కోత కాగానే ఎకరంలో తడి ఉండగా చల్లాను. ఎడగారు, అంటే ఎండాకాలం వరి పెట్టమని ఊళ్ళో చాలామంది చెప్పారు గానీ కాలువ నీళ్ళ మీద నాకు నమ్మకం కుదరలేదు. పిల్లిపెసర ఒక కోత గొడ్లకు, ఆపైన మొలిచింది దున్నేస్తే భూమికి. ఇంటి వెనక పది సెంట్ల జొన్న మేత కూడా ఉంది. ఏప్రిల్లో కోసేశాక ఒక జల్లు పడి మోళ్ళు చిగిర్చాయి. పడ్డ తాడు తెంపుకుని అటే పోయింది. అమ్మ అరిచిన అరుపుకు వీధంతా లేచింది. నీటెద్దడిలో ఉన్న లేత జొన్న పిలకలో విషం ఉంటుంది, నాము తగులుతుందంటారు. మంచి నీరు పెట్టి పెంచి, పూత వచ్చాకే కోయాలి. అదృష్టం, నోరు పెట్టకముందే పట్టుకున్నాం.

మే మొదటి వారంలో కుప్ప తెరిచాను. కళ్ళు మండేంత ఘాటు. గడ్డి పసుపు పోయి ముదురు గోధుమరంగుకు తిరిగింది, చేత్తో పిసికితే మెత్తగా ఉంది. బూజు లేదు. ఆ పూటకు కావలసినంత తీసి, మళ్ళీ మూసి, తీసింది నీడలో పరిచి ఘాటు పోయేదాకా ఆరబెట్టాను. బర్రెలు మొదటి రోజు వాసన చూసి మూతి తిప్పుకున్నాయి. పిల్లిపెసర కలిపి గుప్పెడు గుప్పెడు అలవాటు చేసింది అమ్మే. వారం పట్టింది. దూడకు మాత్రం పెట్టలేదు, ఆరు నెలలు దాటని దూడలకు ఇది కూడదు.

కిందటేడు మేలో రెండు బర్రెలూ కలిసి పూటకు మూడు లీటర్లకు దిగాయి. ఈసారి నాలుగున్నర దగ్గర నిలబడ్డాయి. ఇదంతా గడ్డి మహిమే అని చెప్పను. ఒకటి సంక్రాంతికే ఈనింది, దాని పాలు ఎటూ ఎక్కువే. రేకుల కొట్టం మీద కొబ్బరి మట్టలు కప్పాను, మధ్యాహ్నం రెండుసార్లు ఒళ్ళు తడిపాను, నీళ్ళ తొట్టి నీడలోకి మార్చాను. నల్లచర్మం, చెమట తక్కువ, బర్రె ఎండకు ఆవు కన్నా ముందే రొప్పుతుంది. కానీ వేరుశనగ చెక్క రోజుకు అరకిలో తగ్గించినా పాలు తగ్గలేదు. అది మాత్రం ఊరిన గడ్డి ఖాతాలోనే వేస్తాను.

బాగా ఊరిన ఈ కుప్ప తెరిచిన రోజే ఇంకో కుప్ప వేశాం. 400 కిలోలు మా మూడింటికీ దాదాపు ఇరవై రోజులు వస్తాయి, ఇది అయ్యేసరికి అది ఊరుతుంది. మే చివర్లో గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయడానికి వచ్చినప్పుడు ఆ కుర్రాడు కుప్ప చూసి నవ్వాడు. "పెద్దమ్మా, ఇంకా విషమేనా?" అన్నాడు. అమ్మ వినిపించుకోనట్టు పడ్డ పలుపు బిగించి పట్టుకుంది.

కట్టలు ఇంకా నలభై దాకా ఉన్నాయి. పక్క చేను ఆయన వచ్చి పది కట్టలు అడిగాడు. ఇచ్చాను. వచ్చే కోతకు తన గడ్డి కూడా చుట్టించమని మిషన్ అతని నంబరు తీసుకుపోయాడు. నేను మాత్రం ఆ మిషన్ అతనికి ఇప్పుడే అడ్వాన్సు ఇచ్చేశాను, ఆయనకు చెప్పలేదు.