కుర్చీ వెనక రాసిన మాట

ఆదివారం

మావారు పెళ్ళికని తణుకు వెళ్ళారు. ఒక్కదానికి వంటేమిటని చారు కాచి, రెండు అప్పడాలు వేయించుకుని, పదకొండింటికల్లా సినిమా ముందు కూర్చున్నాను. హాలీవుడ్ నటి, దర్శకురాలు ఐడా లుపినో తీసిన ‘ది హిచ్-హైకర్’. 1953 నాటిది, మొత్తం 71 నిమిషాలు. మూడు గంటల సినిమాలతో విసిగిన ప్రాణానికి ఆ నిడివే పెద్ద ఆకర్షణ.

చేపలు పట్టడానికి కారులో బయలుదేరిన ఇద్దరు స్నేహితులు దారిలో ఒకణ్ణి ఎక్కించుకుంటారు. వాడు తుపాకీ తీస్తాడు. అక్కణ్ణుంచి మెక్సికో ఎడారి దారుల్లో ముగ్గురూ ఒకే కారులో. హంతకుడికి ఒక కంటి రెప్ప మూతపడదు. రాత్రి వాడు పడుకున్నప్పుడు నిజంగా నిద్రపోతున్నాడో, తమనే చూస్తున్నాడో ఆ ఇద్దరికీ తెలియదు, మనకూ తెలియదు. ఆరుగురిని చంపిన బిల్లీ కుక్ అనే నిజమైన హంతకుడి ఉదంతం నుంచి పుట్టిన కథ ఇది. లుపినో ఇందులో నటించలేదు. అసలు చెప్పుకోదగిన ఆడపాత్రే లేదు. అప్పట్లో హాలీవుడ్‌లో సినిమాలు తీస్తున్న ఆడమనిషి దాదాపు ఈమె ఒక్కతే. ఆ ఒక్కతీ వచ్చి మగవాళ్ళ భయం గురించి సినిమా తీయడం నాకు భలే నచ్చింది. భయపడ్డవాళ్ళను ఎగతాళి చేయదు, వీరులనూ చేయదు. వాళ్ళ చెమట చూపిస్తుంది, అంతే.

ఈమె దర్శకురాలైన తీరు ఇంకా బాగుంటుంది. 1918లో లండన్‌లో, నాటకాలవాళ్ళ ఇంట్లో పుట్టింది. తండ్రి స్టాన్లీ లుపినో పేరున్న హాస్యనటుడు. 1933లో హాలీవుడ్ వచ్చింది, మరుసటి ఏడే పోలియో సోకింది, కోలుకుంది. తర్వాత వార్నర్ బ్రదర్స్‌లో కథానాయిక. ‘హై సియెర్రా’లో హంఫ్రీ బోగార్ట్ కంటే ముందు ఈమె పేరే పడుతుంది. అయినా మంచి వేషాలు ముందు అదే స్టూడియో పెద్ద తార బెటీ డేవిస్ దగ్గరికే వెళ్ళేవి. తాను బెటీ డేవిస్‌కు చవక రకాన్నని లుపినో తన మీద తనే పరిహాసమాడేది. ఇచ్చిన వేషం వద్దంటే ఆ రోజుల్లో స్టూడియోలు జీతం ఆపి పక్కన కూర్చోబెట్టేవి. ఈమె వద్దన్న వేషాలు తక్కువేమీ కాదు. అలా ఖాళీగా ఉన్నప్పుడు ఇంట్లో కూర్చోకుండా సెట్ల మీద తిరుగుతూ, కెమెరా ఎక్కడ పెడుతున్నారో, ఎందుకు పెడుతున్నారో చూస్తూ గడిపింది. జీతం లేని సెలవును ఇంతకంటే బాగా వాడుకున్నవాళ్ళు నాకు తెలియదు.

1949లో భర్త కాలియర్ యంగ్‌తో కలిసి సొంత సంస్థ పెట్టింది. మొదటి సినిమా ‘నాట్ వాంటెడ్’, పెళ్ళికాని తల్లి కథ. షూటింగు మొదలైన కొద్ది రోజులకే దర్శకుడు ఎల్మర్ క్లిఫ్టన్‌కు గుండెపోటు వచ్చింది. మిగతాదంతా లుపినోయే తీసింది. తెర మీద మాత్రం దర్శకుడిగా ఆయన పేరే ఉంచింది. తర్వాత పోలియో బారినపడ్డ నర్తకి కథ ‘నెవర్ ఫియర్’. ఆ తర్వాత 1950లో ‘అవుట్‌రేజ్’, అత్యాచారానికి గురైన అమ్మాయి గురించి. సెన్సారు నియమాల వల్ల ఆ నేరం పేరైనా పలకడానికి వీల్లేని కాలం అది. మొదటి సగంలో రాత్రి వీధుల్లో ఆ అమ్మాయిని వాడు వెంటాడే ఘట్టం గొప్పగా ఉంటుంది. రెండో సగంలో పాదిరిగారి బోధలు నాకు రుచించలేదు. ఎవరో పెద్దమనిషి వచ్చి చెబితే తప్ప ఆడపిల్ల కోలుకోకూడదా?

మధ్యాహ్నం వాచ్‌మన్ వచ్చి తలుపు తట్టాడు. పైకి నీళ్ళు ఎక్కడం లేదు, మోటారు మూలుగుతోంది గానీ తిరగడం లేదు. ఈ ఏడు అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శిని నేనే. కండెన్సర్ పోయిందని మెట్లు దిగకముందే నాకు తెలుసు. మోటారు బాగుచేసే అబ్బాయి వచ్చాక మాత్రం, “ఏమైందో నాకు అర్థం కావడం లేదు బాబూ, నువ్వే చూసి చెప్పు” అన్నాను. కండెన్సర్ మార్చమని నేనే అంటే ముందు వైండింగ్ కాలిందంటాడు, ఆనక బేరింగ్ అంటాడు. అడిగాను కాబట్టి తనే విప్పి చూసి, “కండెన్సర్ మేడం” అన్నాడు. ఎంతో తెలివైన మాట విన్నట్టు తలూపాను.

లుపినో చేసిందీ ఇదే. సెట్‌లో ఆమె కుర్చీ వెనక ‘మనందరి అమ్మ’ అని రాసి ఉండేది. ఆజ్ఞలు ఇచ్చేది కాదు. అమ్మకో చిక్కొచ్చి పడింది, ఇలా చేస్తే కుదురుతుందంటారా అని బతిమాలుతున్నట్టు అడిగేది. తెలిసిన విషయాన్ని కూడా తెలియనట్టు కెమెరామన్‌ను అడిగేదాన్నని తరువాతి రోజుల్లో తనే చెప్పుకుంది. ఇది చదివినప్పుడల్లా నాకు చిరాకు. అంత పని వచ్చిన మనిషికి ఈ నాటకం ఎందుకు? పోనీ నాటకం లేకపోతే ఆ సినిమాలు పూర్తయ్యేవా అంటే, అదీ అనుమానమే. మన భానుమతిగారి తీరు వేరు. సరిగ్గా అదే 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో తీసి, అందులో ద్విపాత్రాభినయం కూడా చేశారు. ఆవిడ ఎవరినైనా బతిమాలారంటే నేను నమ్మను. కాకపోతే తమ సొంత సంస్థ భరణీ నీడ ఆవిడకు ఉంది. లుపినో తక్కువ డబ్బుతో తీసి, విడుదలకు ఇంకొకరి గుమ్మం ఎక్కాల్సిన మనిషి.

సంస్థ మూతపడ్డాక టీవీకి వెళ్ళింది. దీన్ని చాలామంది దిగజారడంగా రాస్తారు, నాకలా అనిపించదు. సినిమా తర్వాత సినిమా కోసం ఏళ్ళు ఎదురుచూడటం కంటే వారం వారం కెమెరా పక్కన నిలబడటం మేలు కదా. పైగా తమాషా ఏమిటంటే, అమ్మ అని పిలిపించుకున్న ఈ మనిషికి వాళ్ళిచ్చినవి ఎక్కువగా తుపాకులూ హత్యలూ ఉన్న కథలే. ‘హావ్ గన్ విల్ ట్రావెల్’, ‘ది అన్‌టచబుల్స్’, ‘థ్రిల్లర్’. ‘ట్విలైట్ జోన్’ మొదటి ధారావాహికలో ఒక కథలో నటించి, మరో కథకు దర్శకత్వం వహించింది ఈమె ఒక్కతే. ఆ రెండోది 1964లో వచ్చిన ‘ది మాస్క్స్’, ముఖాలకు తొడుక్కున్న ముసుగుల కథ. మధ్యలో 1966లో కాన్వెంటు బడి పిల్లల అల్లరి మీద ఒక హాయైన సినిమా తీసింది. 1968లో ‘బ్యాట్‌మన్’లో విలన్ వేషం! 1972లో హీరో స్టీవ్ మెక్వీన్‌కు తల్లిగా నటించింది. వాళ్ళిద్దరికీ పన్నెండేళ్ళే తేడా.

సాయంత్రం నీళ్ళొచ్చాయి. బట్టలు ఉతకడం అయ్యాక ‘ది బిగమిస్ట్’ పెట్టుకున్నాను. ఇదీ 1953దే. ఇందులో దర్శకత్వం, రెండో భార్య వేషం రెండూ లుపినోవే. ఇద్దరు భార్యలున్న ఆ సేల్స్‌మన్‌ను దుర్మార్గుడిగా చూపించదు. చివర కోర్టులో శిక్ష కూడా మనకు వినిపించదు. మొదటి భార్య జోన్ ఫాంటేన్. స్క్రీన్‌ప్లే రాసి నిర్మించింది కాలియర్ యంగ్. అప్పటికి లుపినోతో విడాకులై, ఫాంటేన్‌ను పెళ్ళిచేసుకుని ఉన్నాడు.

తొమ్మిదింటికి మావారు ఫోను చేస్తే ఇదంతా చెప్పాను. పెళ్ళి భోజనం మీద ఉన్నారేమో, “ఇంతకీ షూటింగులో ఆయన ఎవరి పక్కన కూర్చుని తినేవాడు?” అన్నారు. నిర్మాత కదా, లెక్కల పుస్తకం పక్కన కూర్చుని ఉంటాడన్నాను.