రోమ్ వెళ్తే ఒక పూట ఓస్టియాకి అట్టేపెట్టండి

చదువులనీ ఉద్యోగాలనీ మన కోనసీమ నుంచి యూరప్ వెళ్లిన పిల్లలు ఇప్పుడు ఏ ఊళ్లో చూసినా ఉన్నారు, వాళ్ల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు కూడా పనిలో పనిగా రోమ్ దాకా వెళ్లి కొలోసియం, వాటికన్ చూసి వాట్సాప్‌లో ఫోటోలు పెడుతున్నారు. సంతోషమే. కానీ రోమ్ నుంచి అరగంట రైలు ప్రయాణంలో ఉన్న ఓస్టియా ఆంటికాకి వెళ్లామని మాత్రం ఎవరూ చెప్పగా వినలేదు. గోదావరి మొగల దగ్గర పుట్టి పెరిగిన మనకి ఇటలీ మొత్తంలో ఇట్టే అర్థమయ్యే ఊరు అదేనని నా గట్టి నమ్మకం.

టైబర్ నది మధ్యధరా సముద్రంలో కలిసే మొగ దగ్గర రోమన్లు కట్టుకున్న రేవు పట్నం ఓస్టియా. రోమ్ నాలుగో రాజు ఆంకస్ మార్కియస్ దీన్ని కట్టించాడని వాళ్ల ఐతిహ్యం. తవ్వకాల్లో బయటపడ్డ పాత గోడలు మాత్రం క్రీ.పూ. 4వ శతాబ్దం ప్రాంతంలో మొగకి కాపలాగా కట్టిన చిన్న సైనిక కోటవి. తర్వాత రోమ్ జనాభా పెరిగిపోయి చుట్టుపక్కల పంట చాలక, ఈజిప్టు నుంచీ ఉత్తర ఆఫ్రికా నుంచీ ఓడల మీద గోధుమలు తెప్పించుకోవాల్సి వచ్చేసరికి ఈ కాపలా ఊరు కాస్తా పెద్ద పట్నమైంది. సముద్రం మీద వచ్చిన ధాన్యాన్ని ఇక్కడ దించి, చిన్న పడవల్లోకి ఎత్తి, గట్టు మీద నుంచి తాళ్లతో లాక్కుంటూ ఏటికి ఎదురు రోమ్ దాకా చేర్చేవాళ్లు. మన కాలవల మీద ఒకప్పుడు పడవలు లాగిన తీరు విన్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

అక్కడ అందరూ థియేటర్ దగ్గర సెల్ఫీలు తీసుకుంటుంటే నేను ఎక్కువసేపు నిలబడింది ధాన్యపు గిడ్డంగుల దగ్గర. గది నేలని భూమికి ఆనించకుండా చిన్న చిన్న గోడల మీద ఎత్తుగా లేపి కట్టారు, కింద నుంచి గాలి ఆడి గింజకి చెమ్మ తగలకూడదని. నవంబరులో తుఫాను పట్టినప్పుడు కళ్లంలో రాశి మీద బరకాలు కప్పి, తేమ శాతం ఎంత వస్తుందో, రంగు మారితే మిల్లువాడు ఏమంటాడో అని టెన్షన్ పడే రైతు కుటుంబం నుంచి వెళ్లినవాళ్లకి ఆ గోడలు చూస్తే ఆ రోమన్ల మీద గౌరవం కలుగుతుంది. ఇంకోచోట మెడ దాకా భూమిలో పాతిన పెద్ద పెద్ద కాగులు వరసగా ఉంటాయి, నూనె, ద్రాక్షసారా లాంటివి నిలవ చేయడానికి.

ఇక అసలు కథ మేటది. టైబర్ తెచ్చే ఒండ్రుతో మొగ పూడిపోతూ పెద్ద ఓడలు లోపలికి రాలేకపోతుంటే, క్లాడియస్ చక్రవర్తి క్రీ.శ. 42లో కొద్దిగా ఉత్తరాన పోర్టస్ అనే కొత్త హార్బర్ మొదలుపెట్టాడు. 62లో తుఫాను వచ్చి హార్బర్ లోపలే సుమారు 200 ఓడలు మునిగిపోయాయని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. తర్వాత ట్రాజన్ చక్రవర్తి ఇంకా లోపలికి, ఆరు పలకల ఆకారంలో ఒక పెద్ద కొలను తవ్వించాడు, ఒక్కో వైపు దాదాపు 358 మీటర్లు. అది ఇప్పటికీ చెరువులా నిండుగా ఉంది, ఫ్యుమిచినో విమానాశ్రయం పక్కనే. ఈ పోర్టస్‌కీ ఓస్టియాకీ మధ్య నది పాయ, తవ్విన కాలవ, సముద్రం చుట్టుకున్న నేల పేరు ఐసోలా సాక్రా. మన భాషలో అచ్చమైన లంక.

ఊరి విషయానికొస్తే, నడిచే దారి మొత్తం రోమన్లు పరిచిన రాళ్లే. అంతస్తుల మీద అంతస్తులు కట్టి అద్దెకిచ్చిన ఇటుక ఇళ్లు, రాతి బల్లలతో సహా మిగిలిన టిఫిన్ కొట్టులాంటిది, వరసగా కూర్చునే మరుగుదొడ్లు, స్నానశాల నేల మీద సముద్రపు గుర్రాలు లాగే రథంతో నెప్ట్యూన్ దేవుడు, అన్నీ ఉన్నాయి. విమానాశ్రయానికి రోడ్డు వేస్తుంటే 1961లో యూదుల ప్రార్థనాలయం కూడా బయటపడింది. కానీ ఒక్కటే చూసే టైముంటే థియేటర్ వెనక ఉన్న వర్తకుల చౌకు చూడండి. చుట్టూ చిన్న చిన్న ఆఫీసు గదులు, ఒక్కోదాని ముందు నేల మీద నల్లరాయి తెల్లరాయి ముక్కలతో వేసిన బొమ్మ. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ వాళ్లది, ఫ్రాన్స్ తీరంలోని నార్బోన్ వాళ్లది, ఏనుగు బొమ్మ పెట్టుకున్న లిబియాలోని సబ్రాతా వాళ్లది. ఓడలు, లైట్‌హౌస్, ధాన్యం కొలిచే కుంచాలు. అక్షరం రాని కళాసీ కూడా బొమ్మ చూసి తన ఆఫీసు పోల్చుకోగలడు. క్రీ.శ. 1వ శతాబ్దపు ఒక గ్రీకు నావికుడి రాతల్లో మసాలియా అనే చోట సన్నటి నూలుబట్ట విస్తారంగా దొరుకుతుందని ఉంది, అది మన కృష్ణా గోదావరి తీరమేనని చరిత్రకారులు గుర్తించారు. అప్పట్లో మన దేశపు సరుకు ఈజిప్టు మీదుగా రోమన్ల రేవులకి చేరేది, అంచేత ఆ చౌకులో నిలబడితే పరాయి చోటులా అనిపించదు.

సామ్రాజ్యం కూలాక వ్యాపారం పోయింది, తర్వాత మలేరియా పట్టుకుంది, పాలరాయిని ఎవరికి కావలసినంత వాళ్లు పట్టుకుపోయారు. 1557 వరదకి టైబర్ దారి మార్చుకుని ఊరికి దూరంగా జరిగిపోయింది. ఒండ్రు మేట వేసీ వేసీ సముద్రం ఇప్పుడు దాదాపు 3 కిలోమీటర్ల దూరంలో ఉంది. మన కోరంగి సంగతీ ఇంతే కదా. ఓడలు కట్టి, బాగుచేసి, రంగూన్ దాకా జనాన్ని చేరేసిన రేవు, 1789, 1839 తుఫానుల దెబ్బ తిని, మేట వేసి, వ్యాపారం కాకినాడకి తరలిపోయింది. ఎదురుగా గోదావరి ఇసుకతోనే హోప్ ఐలండ్ పెరిగింది. ఇవాళ కోరంగి వెళ్లేవాళ్లు మడ అడవి చూసి వచ్చేస్తారు, రేవు ఊసే ఉండదు. ఓస్టియా మీద వాళ్లు పెట్టిన శ్రద్ధలో పదో వంతైనా మనం మన రేవు మీద పెట్టాలి. ఇది నేను మనసారా అడుగుతున్నాను.

వెళ్లేవాళ్లకి: రోమ్‌లో పిరమిడే మెట్రో స్టేషన్ పక్కనే పోర్టా సాన్ పావ్లో స్టేషన్, అక్కడ లిడో వైపు రైలెక్కి ఓస్టియా ఆంటికాలో దిగండి. మామూలు సిటీ టికెట్టే చాలు. సోమవారం మూసి ఉంటుంది. నడక ఎక్కువ, ఎండాకాలమైతే టోపీ, నీళ్లు తప్పనిసరి. పెద్దవాళ్లతో వెళ్తే అంతా చుట్టాలని చూడకుండా థియేటర్, చౌకు, గిడ్డంగుల వరకూ చూపించండి.