ముప్పై మందికి మింట్ కేకు

నిన్న మా అపార్ట్‌మెంట్ మేడ మీద అందరం కలుద్దామనుకున్నాం. "కేకు నేను చేస్తాలే" అని నోరు జారాను. ముప్పై మందికి!

గుడ్లూ వెన్నా అక్కర్లేని రకం పెట్టుకున్నా. 3 కప్పుల మైదా, 2 కప్పుల పంచదార, అర కప్పు కోకో, 2 చిన్న చెంచాల వంటసోడా, ముప్పావు కప్పు నూనె, 2 కప్పుల నీళ్లు. ఆఖర్న 2 పెద్ద చెంచాల వెనిగర్. అది పడగానే పిండి బుసబుసా నురగ కడుతుంది. ఇక కబుర్లు పెట్టుకోకుండా ఓవెన్‌లోకి తోసేయాలి. 180 డిగ్రీలు, 35 నిమిషాలు.

తేడా కొట్టింది మింట్ దగ్గరే. మొన్న ఎంవీపీ రైతుబజార్లో కొన్న పుదీనా నూరి, ట్రయల్‌గా చిన్న కేకు చేశా. అత్తయ్య ఒక ముక్క నోట్లో వేసుకుని, "పచ్చడి బాగుందమ్మా, ఇడ్లీలేవీ?" అన్నారు. అందుకే నిన్న పెప్పర్‌మింట్ ఎసెన్స్, అదీ అర చెంచానే. ఎక్కువైతే టూత్‌పేస్టే!

పైన వేడి క్రీములో కరిగించిన డార్క్ చాక్లెట్ పోశా. వైజాగ్ ఉక్క తెలిసిందేగా, గట్టిపడనంటే గట్టిపడనంది. ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలన్నీ బయటికి లాగి ట్రే ఇరికించా.

30 ముక్కలు కోస్తే వచ్చింది 34 మంది. నేనూ అత్తయ్యా ట్రే మూలలు గీక్కుని తిన్నాం.