విశాఖ ఎండ, వహాకా నీడ

విశాఖపట్నం 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మెక్సికో దక్షిణాన ఉన్న వహాకా నగరం 17.1 మీద, మెక్సికో సిటీ 19.4 మీద. అంటే డిసెంబరు మధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో సూర్యుడు ఎంత ఎత్తున ఉంటాడో, వహాకా వీధుల్లోనూ దాదాపు అంతే ఎత్తున, 49 డిగ్రీల దగ్గర ఉంటాడు. మే నెల రెండో వారంలో మనకి నడినెత్తిన నిలిచేవాడు అక్కడా అదే రోజుల్లో నిలుస్తాడు. ఫిల్మ్ కెమెరా భుజాన వేసుకుని ఒంటరిగా మెక్సికో వెళ్లాలనుకునే విశాఖవాళ్లకి ఇంతకంటే మంచి అవకాశం లేదు. అక్కడి ఎండని ఇక్కడే, మన వీధుల్లోనే నేర్చుకోవచ్చు. తేడా అంతా నీడలో ఉంది, రీళ్లు పాడయ్యేదీ ఆ నీడ దగ్గరే.

మన ఊళ్లో గాలి తడిగా, ఉప్పుగా ఉంటుంది. ఆ తేమ వెలుగుని అన్ని వైపులకీ చెదరగొట్టి నీడల్లోకి కొంత తోస్తుంది. అందుకే కురుపాం మార్కెట్ సందుల్లో మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోలో కూడా అరుగు కింద కూర్చున్న మనిషి ముఖం కనిపిస్తుంది. మెక్సికో సిటీ సముద్రమట్టానికి 2240 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం మనకంటే దాదాపు పావు వంతు తక్కువ. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలూ చాలా తక్కువ, గాలి పొడిగా ఉంటుంది. నీడకి వెలుగిచ్చేది పైనున్న నీలాకాశం ఒక్కటే. కాబట్టి నీడ ఇక్కడికంటే ముదురుగా, నీలంగా పడుతుంది.

లెక్కలో చెప్పాలంటే, 400 ఐఎస్‌ఓ (ఫిల్మ్ వెలుగుని పట్టే వేగం) ఫిల్మ్‌కి నిండు ఎండలో షట్టర్ 1/500 సెకను, అపర్చర్ ఎఫ్/16. ఇది ఇక్కడా అక్కడా ఒకటే. ఒక్కో స్టాప్ తెరిస్తే వెలుగు రెట్టింపవుతుంది. విశాఖలో నీడకి మూడు స్టాప్‌లు తెరిస్తే, అంటే ఎఫ్/5.6 పెడితే సరిపోతుంది. అక్కడ నాలుగు తెరిచి ఎఫ్/4 పెట్టాలి. రెండు వైపులా ఎత్తు గోడలున్న సందైతే ఎఫ్/2.8. కలర్ నెగెటివ్‌తో తీస్తున్నప్పుడు ఎప్పుడూ నీడకే లెక్క కట్టండి. ఎండ పడిన గోడకి రెండు స్టాప్‌లు ఎక్కువైనా నెగెటివ్ తట్టుకుంటుంది. నీడకి రెండు స్టాప్‌లు తక్కువైతే మాత్రం అక్కడ ఏమీ నమోదు కాదు, స్కానింగ్‌లో ఎంత లాగినా బురద రంగే వస్తుంది. నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల్లో బొమ్మ వచ్చే స్లైడ్ ఫిల్మ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. దానికి వెలుగు వైపు లెక్క కట్టి నీడని వదులుకోవాలి. మొదటిసారి వెళ్లేవాళ్లు స్లైడ్ జోలికి పోకపోవడమే మంచిదని నా గట్టి నమ్మకం.

కెమెరా లోపల వెలుగు కొలిచే మీటర్‌ని గుడ్డిగా నమ్మితే ఇంకో చిక్కుంది. వహాకాలోనూ మెరీదాలోనూ గోడలు సున్నం తెలుపు, పసుపు, ముదురు ఎరుపు రంగుల్లో ఉంటాయి. తెల్లగోడ ఫ్రేమ్‌లో సగం ఉంటే మీటర్ దాన్ని బూడిదరంగు అనుకుని ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది. మీరు నిలబడ్డ చోట పడే వెలుగే ఎదురుగా ఉన్న మనిషి మీదా పడుతుంటే, మీ అరచేతిని చాపి దాని మీద మీటర్ చూసి ఒక స్టాప్ తెరవండి. తెల్లగోడా మోసం చేయలేదు, నల్లతలుపూ చేయలేదు. మీటర్ లేకుండా కంటితోనే వెలుగు అంచనా కట్టడం అలవాటు కావడానికి ఒక రీలు చాలు. ఉదయం ఏడింటికి ఫిషింగ్ హార్బర్ బయటి చేపల సంతలో పన్నెండు, పదకొండింటికి పూర్ణా మార్కెట్ లోపల పన్నెండు, సాయంత్రం నాలుగింటికి వన్‌టౌన్ పాత ఇళ్ల ముందు పన్నెండు ఫొటోలు మీటర్ చూడకుండా తీసి, ప్రతిదానికీ అపర్చర్, షట్టర్ ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. రీలు కడిగించాక నెగెటివ్ పక్కన పుస్తకం పెట్టుకుని చూస్తే మీ కన్ను ఎక్కడ తప్పుతోందో తెలిసిపోతుంది. నౌకాదళం, పోర్టు సరిహద్దు గోడల వైపు మాత్రం కెమెరా ఎత్తకండి.

బ్లాక్ అండ్ వైట్ తీసేవాళ్లు ఫిల్టర్ల విషయంలోనూ ఇక్కడి అలవాటు మార్చుకోవాలి. మన బీచ్ రోడ్డు మీద మంచులాంటి ఆ తెల్లటి మసకని కోయడానికి ఆరెంజ్ ఫిల్టర్ కావాలి. అక్కడ ఆకాశం ముందే ముదురు నీలం, అందుకని పసుపు ఫిల్టర్ చాలు, ఒక స్టాప్ ఖర్చు. ఎరుపు ఫిల్టర్ అసలు వద్దు. ఎరుపు గాజు నీలం వెలుగుని ఆపేస్తుంది, అక్కడి నీడల్లో ఉన్నది ఆ నీలం వెలుగే. ఆకాశంతో పాటు నీడలన్నీ తారుపూసినట్టు నల్లగా వస్తాయి. కలర్‌కైతే యూవీ లేదా స్కైలైట్ ఫిల్టర్ ఒకటి లెన్స్ మీద ఉంచేయండి.

కెమెరా సంగతి. బ్యాటరీ లేకపోయినా షట్టర్ పడేది తీసుకెళ్లండి. పెంటాక్స్ కే1000, నికాన్ ఎఫ్‌ఎం2 అలాంటివి. వాటికి కావలసిన ఎల్‌ఆర్44 బటన్ సెల్ ఎక్కడైనా దొరుకుతుంది, అదీ మీటర్‌కే. కేనన్ ఏఈ-1 మంచి కెమెరానే గాని 6 వోల్టుల సెల్ అయిపోతే షట్టర్ పడదు, కాబట్టి రెండు సెల్స్ అదనంగా ఉండాలి. ఒలింపస్ ఓఎం-1 మీటర్ 1.35 వోల్టుల పాదరసం సెల్‌కి తయారైంది. ఇప్పుడు ఆ సెల్ లేదు. మామూలు 1.5 వోల్టుల సెల్ వేస్తే మీటర్ తప్పు చెబుతుంది. దానికి వినికిడి యంత్రాల్లో వాడే 675 జింక్-ఎయిర్ సెల్ దగ్గరగా పనిచేస్తుంది. పాత కెమెరా ఏదైనా వెనక తలుపు చుట్టూ ఉండే స్పాంజి మన వేడికి జిగురులా కరిగి ఉంటుంది. ప్రయాణానికి నెల ముందే మార్పించాలి, లేకపోతే ఆ కొండ ఎండ సందుల్లోంచి దూరి ఫ్రేముల మీద నారింజ చారలు గీస్తుంది.

షట్టర్ వేగం కూడా చూసుకోండి. కే1000లో గరిష్ఠం 1/1000. 400 ఫిల్మ్‌తో ఎండలో ఎఫ్/11 కంటే తెరవలేరు. ఎండకి 200 ఫిల్మ్, సందులకీ సాయంత్రాలకీ 400 అని విడదీసుకుంటే బాధ ఉండదు. పది రోజులకి నా లెక్క పదిహేను రీళ్లు. 200 కలర్ ఎనిమిది, 400 కలర్ నాలుగు, బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ హెచ్‌పీ5 మూడు. లెన్స్ ఒక్కటే, 35 ఎంఎం. గ్వానహ్వాతో అనే కొండల ఊరి సందుల్లో 50 ఎంఎంతో వెనక్కి జరగడానికి గోడ అడ్డొస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం, విమానాశ్రయం ఎక్స్‌రే. చెకిన్ సామాను స్కానర్ బలమైనది, ఫిల్మ్ ఎప్పుడూ అందులో పెట్టకూడదు. చేతిసంచీ పాత తరహా ఎక్స్‌రేలో 400 ఫిల్మ్ నాలుగైదుసార్లు వెళ్లినా సాధారణంగా ఏమీ కాదు. కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు వేరు. వాటిలోకి ఏ ఐఎస్‌ఓ ఫిల్మ్‌నీ పంపవద్దని కొడాక్ చెబుతోంది. విశాఖ నుంచి బయల్దేరితే ఇక్కడ ఒకటి, ఢిల్లీలోనో ముంబైలోనో ఒకటి, మధ్యలో దిగే దేశంలో ఇంకొకటి. రాను పోను ఆరుసార్లు తేలికగా అవుతుంది, ఈ దెబ్బ ప్రతిసారీ కూడుతూ పోతుంది. రీళ్లని డబ్బాల్లోంచి తీసి పారదర్శకంగా ఉండే జిప్ కవర్లో వేసి, వరుసలో నిలబడే ముందే చేతిలో పట్టుకోండి. ట్రే బెల్టు మీదికి వెళ్లాక అడిగితే ఎవరూ వినరు. చేత్తో చూడమని మర్యాదగా, ముందుగా అడగాలి. మెక్సికోలో ‘ప్వేదే రెవిసార్లోస్ ఆ మానో, పోర్ ఫావోర్’ అంటే సరిపోతుంది. కెమెరాలో సగం వాడిన రీలు ఉంచుకుని విమానం ఎక్కకండి, కెమెరాని తప్పకుండా స్కాన్ చేస్తారు. సీసపు సంచీల మీద నాకు నమ్మకం లేదు, లోపల ఏముందో కనబడకపోతే సంచీ విప్పించి మళ్లీ పంపుతారు. అసలైన మందు ఒకటే: తిరుగు ప్రయాణానికి ముందే మెక్సికో సిటీలో కలర్ రీళ్లు కడిగించేయడం. కడిగిన ఫిల్మ్‌ని ఏ ఎక్స్‌రే ఏమీ చేయలేదు. ల్యాబులో ‘సోలో రెవెలాదో, సిన్ కోర్తార్’ అనండి, కడగడం మాత్రమే, ముక్కలు చేయవద్దని అర్థం. స్కానింగ్ ఇంటికొచ్చి తీరిగ్గా చేసుకోవచ్చు. ఊళ్ల మధ్య విమానం బదులు బస్సు ఎక్కితే ఇంకో రెండు స్కాన్లు తప్పుతాయి. గ్వానహ్వాతోకి ఉత్తర బస్ టెర్మినల్ నుంచి ఐదు గంటలు, వహాకాకి తూర్పున ఉన్న తాపో నుంచి ఆరేడు గంటలు.

మెక్సికో సిటీలో మొదటిరోజు ఆయాసం వస్తుంది, సముద్రం ఒడ్డు నుంచి వెళ్లినవాళ్లం కదా. ఆ రోజు సోకలో చౌకు చుట్టుపక్కలే తిరగండి. పెద్ద చర్చి చౌకుకి ఉత్తరాన, దక్షిణముఖంగా ఉంటుంది. చలికాలంలో రోజంతా దాని ముఖం మీద వెలుగే. తూర్పు వైపున్న జాతీయ భవనం పడమటి ముఖం, దానికి మధ్యాహ్నం తర్వాత వెళ్లాలి. లాతినోఅమెరికానా టవర్ పైనుంచి బెయాస్ ఆర్తెస్ కళాభవనం గోపురం తీయాలంటే ఉదయమే, సాయంత్రమైతే సూర్యుడు ఎదురొస్తాడు. ఫిబ్రవరి చివర నుంచి జకరాండాలు పూస్తాయి. ఊదాపూలు కదా అని ఎక్స్‌పోజర్ తగ్గిస్తే రంగు చచ్చిపోతుంది, అర స్టాప్ ఎక్కువే ఇవ్వండి.

గ్వానహ్వాతో లోయలో ఉన్న గనుల ఊరు. మన హనుమంతవాక, ఆరిలోవ కొండవాలు ఇళ్లని ఇంకా దగ్గరగా పేర్చి రంగులేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. చుట్టూ కొండలుండటంతో వీధుల్లోకి ఎండ ఆలస్యంగా దిగుతుంది, పొద్దున్నే పరుగెత్తనక్కర్లేదు. పీపిలా విగ్రహం దగ్గరి గుట్ట ఊరికి దక్షిణాన ఉంది. అక్కడినుంచి చూస్తే చలికాలంలో సూర్యుడు మీ వెనకే ఉంటాడు. దీపాలు వెలిగే వేళ అక్కడే ఉండి, ఆకాశం ఇంకా నీలంగా ఉన్న ఆ పావుగంటలో తీయండి. పాత నది దారిలో కట్టిన సొరంగ రోడ్లలో 400 ఫిల్మ్‌కి ఎఫ్/4, 1/15 దగ్గర మొదలుపెట్టవచ్చు. గోడకి మోచేయి ఆనించి ఊపిరి వదిలాక నొక్కాలి. చర్చిల లోపల పొడవైన ఎక్స్‌పోజర్ ఇస్తే ఫిల్మ్ మందగిస్తుందని మరవద్దు. హెచ్‌పీ5కి మీటర్ 4 సెకన్లు అంటే 6, 10 అంటే 20 ఇవ్వాలి.

వహాకాలో శాంతో దొమింగో చర్చి పడమటి ముఖం, సాయంత్రం ఐదింటికి రాయి బంగారమవుతుంది. ‘నవంబరు 20’ అనే పేరున్న మార్కెట్‌లో మాంసం కాల్చే నడవలో పొగలోంచి వెలుగు పడుతుంది. అక్కడ మీటర్ పొగని చూసి మోసపోతుంది, ఒక స్టాప్ తెరవండి. మోంతె అల్బాన్ లాంటి పురావస్తు స్థలాల్లో చేత్తో తీసే ఫొటోలకి అభ్యంతరం లేదు గాని ట్రైపాడ్‌కి ముందస్తు అనుమతి కావాలి. చియాపాస్ వైపు వెళితే శాన్ హువాన్ చాములా చర్చి లోపల ఫొటోలు పూర్తిగా నిషేధం. కెమెరా సంచీలోనే ఉంచాలి.

మనుషుల్ని తీసేటప్పుడు ‘లే ప్వేదో తొమార్ ఉనా ఫోతో’ అని అడగండి. ముందు ఏదైనా కొనుక్కుని, రెండు మాటలాడి అడిగితే కాదనేవాళ్లు తక్కువ. కాదంటే నవ్వి ముందుకు సాగాలి. ఒంటరిగా ఉన్నప్పుడు రీలు మార్చడమే ప్రమాదమైన క్షణం, కళ్లూ చేతులూ రెండూ కెమెరా మీదే ఉంటాయి. నడిరోడ్డు మీద కాదు, ఏ కాఫీ కొట్టులోనో గోడకి వీపు ఆనించి కూర్చుని మార్చండి. రీలు ఎక్కించాక రెండు ఫ్రేములు తిప్పుతూ ఎడమవైపు రివైండ్ గుండీ కూడా తిరుగుతోందో లేదో చూడండి. తిరగకపోతే ఫిల్మ్ పళ్లకి పట్టలేదు, ముప్పై ఆరూ ఖాళీయే. ఆ పొడి చలిలో లీవర్ని గబగబా తిప్పితే ఫిల్మ్ మీద స్థిరవిద్యుత్తు మెరుపులు పడతాయి, మెల్లగా తిప్పాలి. వాడిన రీళ్లు రోజూ గదిలో వదిలి బయల్దేరండి. సంచీ పోయినా ఆ రోజు పనే పోతుంది.

వీసా గురించి ఒక్క మాట. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే భారతీయులకి మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. టికెట్ కొనేముందు రాయబార కార్యాలయం నిబంధన ఒకసారి చూసుకోండి. అమెరికా మీదుగా వెళ్తే విమానం మారడానికి కూడా ఆ దేశపు వీసా ఉండాలి.

ఇంటికొచ్చాక బ్లాక్ అండ్ వైట్ రీళ్లు ఇక్కడే కడుక్కోవచ్చు. మన కుళాయి నీళ్లు వేసవిలో 30 డిగ్రీలు దాటతాయి కాబట్టి సీసాలన్నీ ఐసు వేసిన బకెట్లో నిలబెట్టి 24 డిగ్రీలకి తేవాలి. హెచ్‌పీ5కి ఐడీ-11 డెవలపర్‌ని నీళ్లతో ఒకటికి ఒకటి కలిపితే 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు, 24 దగ్గర సుమారు 9. డెవలపర్ చల్లగా, కడిగే నీళ్లు వేడిగా ఉంటే జిగురు పొర ముడతలు పడుతుంది, అన్నీ రెండు డిగ్రీల తేడా లోపలే ఉండాలి. ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, రాత్రంతా వేలాడదీయండి. సముద్రపు గాలి తగిలితే ఉప్పు మచ్చలు, బూజు. ఆరిన నెగెటివ్‌లని కాగితపు తొడుగుల్లో పెట్టి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో మూసేయండి. నారింజ రంగు గింజలు ఆకుపచ్చగా మారాయంటే తేమ తాగేశాయి. వంటకి వాడని రేకు పళ్లెంలో, 110 డిగ్రీల దగ్గర, మళ్లీ నారింజ రంగు వచ్చేదాకా వేడిచేసి, చల్లారాక డబ్బాలో వేయాలి. వానాకాలంలో రెండు వారాలకోసారి చూడండి.