ఏరియా సేఫేనా?

అమెరికాలో ఇల్లు కొనబోయే తెలుగు కుటుంబం రియల్టర్‌ని తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. దీనికి రియల్టర్ సూటిగా జవాబు చెప్పడు. పోలీసు శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి అంటాడు, లేదంటే మాట మార్చి వంటింట్లో గ్రానైట్ చూపిస్తాడు. తెలియక కాదు. కొనేవాళ్ళని జాతిని బట్టి ఒక పేట వైపు నెట్టడం, మరో పేట నుంచి తప్పించడం 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం చట్టవిరుద్ధం. దీన్ని స్టీరింగ్ అంటారు. లైసెన్సు మీదకి తెచ్చుకోవడం ఎవరికి ఇష్టం? దాంతో అదే ప్రశ్న వాట్సాప్ గ్రూపులో పడుతుంది. ఐదు నిమిషాల్లో జవాబొస్తుంది: "ఆ సైడ్ వద్దు బ్రో, నల్లోళ్ళు ఎక్కువ." దాని కింద నాలుగు థంబ్సప్‌లు. రియల్టర్ నోట రాకుండా చట్టం ఆపిన మాటని మనం ఒకరికొకరం ఉచితంగా చేరవేసుకుంటున్నాం.

జాతి వివక్ష అనగానే మనం బాధితుల వైపు నుంచి మాట్లాడతాం. అందులో అబద్ధం లేదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేతేలో శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపినవాడు "నా దేశం నుంచి వెళ్ళిపోండి" అని అరిచాడు. కానీ మన నెత్తిన పడిన దెబ్బ వేరు, మన బుర్రలో ఉన్న మాట వేరు. మొదటిది చూపించి రెండోదాన్ని మాఫీ చేయించుకోలేం.

అట్లాంటా నుంచి జార్జియా 400 హైవే మీద ఉత్తరానికి వెళ్తే ఫోర్సైత్ కౌంటీ వస్తుంది. దాని కేంద్రం కమ్మింగ్. ఇవాళ అక్కడ వీధి వీధికీ తెలుగు ఇళ్ళున్నాయి. స్కూళ్ళు బాగుంటాయి, గొడవల్లేవు, ప్రశాంతం అని చెప్పుకుంటారు. 1912లో ఆ కౌంటీలో సుమారు 1,100 మంది నల్లజాతివాళ్ళు ఉండేవాళ్ళు. ఒక తెల్ల యువతి హత్య తర్వాత, రాత్రిపూట గుర్రాల మీద వచ్చిన గుంపులు ఇళ్ళకీ చర్చిలకీ నిప్పు పెట్టి, తుపాకులు పేల్చి, కొద్ది వారాల్లో దాదాపు అందరినీ తరిమేశాయి. చాలా పొలాలు చేతులు మారాయి. ఆ తర్వాత ఏడు దశాబ్దాలు అది తెల్లవాళ్ళ కౌంటీగానే ఉంది. 1987 జనవరి 17న కొద్దిమంది శాంతియుతంగా ఊరేగింపు తీస్తే రాళ్ళు పడ్డాయి. సరిగ్గా వారం తర్వాత దాదాపు 20,000 మంది వచ్చి మళ్ళీ నడిచారు. ఇది తెలిసినవాళ్ళు కమ్మింగ్‌లో ఇల్లు కొనకూడదని కాదు. "నల్లోళ్ళు లేరు కాబట్టి ప్రశాంతం" అనే ముందు, ఎందుకు లేరో అడగడం కనీస ధర్మం.

స్కూల్ రేటింగు సంగతీ అంతే. పదికి తొమ్మిది అంటే టీచర్లు గొప్పవాళ్ళని కాదు. పరీక్షల మార్కులు చాలావరకు తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి నడుస్తాయి, స్కూలు నిధుల్లో పెద్ద భాగం ఆస్తి పన్ను నుంచి వస్తుంది. 1930లలో ఒక ప్రభుత్వ సంస్థ నగరాల మ్యాపులు గీసి, నల్లజాతివాళ్ళుండే పేటలకి ఎర్ర రంగు వేసింది. అలాంటి పేటల్లో ఇంటి లోన్ పుట్టేది కాదు. లోన్ లేకపోతే ఇల్లు లేదు, ఇల్లు లేకపోతే పిల్లలకి ఇచ్చే ఆస్తి లేదు. రేటింగే చూడాలనుకుంటే మొత్తం స్కోరు పక్కన పెట్టి, ఏడాదిలో పిల్లలు ఎంత ముందుకెళ్ళారో చెప్పే స్కోరు చూడండి. నేరాల సంగతి పోలీసు శాఖ మ్యాపులో వీధి పేరుతో వెతికితే దొరుకుతుంది. కార్ల అద్దాలు పగలడం వేరు, ఇళ్ళలో చొరబడటం వేరు. "నల్లోళ్ళ ఏరియా" అన్న ఒక్క మాటతో ఈ రెంటినీ కలిపేస్తే భయం మిగులుతుంది, సమాచారం మిగలదు.

ఇక మనలోని జాత్యహంకారాన్ని ఒప్పుకోవడం దగ్గరికి వద్దాం. "ఒకప్పుడు నాలో కూడా కొంత జాత్యహంకారం ఉండేది" అనడం చాలా తేలిక. పైసా ఖర్చు కాని వాక్యం, పైగా వినేవాళ్ళు మెచ్చుకుంటారు కూడా. పనికొచ్చే ఒప్పుకోలు కాగితం మీద ఉంటుంది. అప్పట్లో మనసులో వచ్చిన మాట వచ్చినట్టే తెలుగులో రాయాలి. ఇంగ్లీషులోకి మారిస్తే మర్యాద తొడుక్కుంటుంది. ఎవర్ని చూసి వచ్చింది, దానివల్ల ఏం చేశాం, నష్టం ఎవరికి జరిగింది అన్నవి దాని కింద రాయాలి. "లిఫ్టులో ఆయన ఎక్కగానే బ్యాగు ఈ చేతిలోకి మార్చుకున్నాను." "ఇంటర్వ్యూ అయ్యాక కమ్యూనికేషన్ స్కిల్స్ తక్కువ అని రాశాను. ఆయన ఇంగ్లీషు మా టీమ్ మొత్తం మీద బాగుంది." ఇలాంటివి. మూడో వాక్యానికి చెయ్యి ఆగిపోతుంది. ఆగినచోటే అసలు సంగతి ఉంటుంది.

రాస్తున్నప్పుడు సాకులూ వెంటే వస్తాయి. తెలియక అనుకున్నాను, అందరూ అనేవాళ్ళు అన్నవి పెద్దగా నిలబడవు. గట్టిగా నిలబడేది ఇంకోటుంది: "చదువుకునే రోజుల్లో గ్యాస్ స్టేషన్‌లో రాత్రి డ్యూటీ చేస్తుంటే తుపాకీ చూపించి డబ్బు లాక్కున్నారు." ఆ భయం నిజం, దాన్ని తుడిచెయ్యమని అడిగే హక్కు ఎవరికీ లేదు. కాకపోతే అదే మనిషిని తెలుగు కన్సల్టెన్సీ ఒకటి నెలల తరబడి ప్రాజెక్టు లేకుండా బెంచి మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొట్టి ఉంటుంది. దాంతో తెలుగువాళ్ళంతా మోసగాళ్ళని తీర్మానించాడా? ఆ ఓనరు పేరు పెట్టి తిట్టాడు, అంతే. ఒకచోట తప్పు మనిషిది, ఇంకోచోట జాతి మొత్తానిది. ఈ తేడా ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటే అమెరికా దాకా రానక్కర్లేదు. ఊరికి అవతల ఉండే మాలపల్లె, మాదిగగూడెం వైపు పిల్లల్ని వెళ్ళనివ్వని ఇళ్ళు, "తెల్లని అమ్మాయి కావలెను" అని వేసే పెళ్ళి ప్రకటనలు, వీసా స్టాంపింగ్ కంటే ముందే మన పెట్టెలో సర్దేసి ఉన్నాయి.

ఆ సామాను అమెరికా కోర్టుల దాకా కూడా వెళ్ళింది. 1923లో భగత్ సింగ్ థింద్ అనే భారతీయ వలసదారు పౌరసత్వం కోసం సుప్రీంకోర్టులో వాదించాడు. తాను అగ్రకులపు ఆర్యుణ్ణి కాబట్టి తెల్లవాళ్ళ లెక్కలోకే వస్తానన్నాడు. కోర్టు ఏకగ్రీవంగా కాదంది. అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల్లో చాలామందికి అదీ పోయింది. 1946 చట్టం ఏడాదికి 100 మంది భారతీయులకి కోటా ఇచ్చింది. మనం ఇన్ని లక్షల మందిమి రాగలిగిన దారి 1965 వలస చట్టంతో తెరుచుకుంది. ఆ చట్టం పౌరహక్కుల ఉద్యమం నడిచిన రోజుల్లో, అది మార్చిన వాతావరణంలో వచ్చింది. గ్రీన్‌కార్డు క్యూలో నిలబడి "నల్లోళ్ళు కష్టపడరు" అనేవాళ్ళకి ఈ తేదీలు చెప్పి చూడండి.

తమ మనసుని కొలిచి చూసుకోవాలనుకునేవాళ్ళు ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్ట్ ఆన్‌లైన్‌లో ఉచితంగా చెయ్యొచ్చు. పది నిమిషాల పని. 1998లో దీన్ని బయటపెట్టిన బృందంలోని మహజరీన్ బనాజీ సికింద్రాబాద్‌లో పెరిగి నిజాం కాలేజీలో చదివినావిడ. తెరమీద ముఖాలు, మంచి మాటలు, చెడ్డ మాటలు వస్తుంటాయి. రెండు కీలతో వాటిని వేరుచేయాలి. నల్ల ముఖాల్నీ మంచి మాటల్నీ ఒకే కీకి కట్టినప్పుడు వేలు ఎంత ఆలస్యమైందో లెక్క తేలుస్తుంది. దీని స్కోరు వారం తర్వాత మళ్ళీ చేస్తే మారొచ్చు, కాబట్టి అది డాక్టరు రిపోర్టు కాదు. "స్కోరు తక్కువొచ్చింది, నాకేం లేదు" అని స్క్రీన్‌షాట్ పెట్టేవాళ్ళు టెస్టుని అర్థం చేసుకోనట్టే.

అలాంటి ఆలోచన రాకుండా నొక్కేస్తే పోదా? పోదు, తిరగబడుతుంది. 1994లో మాక్రే అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం కొంతమందికి స్కిన్‌హెడ్ (గుండు కొట్టించుకుని, గొడవలకి దిగుతారని పేరుపడ్డ ముఠాల మనిషి) ఫోటో చూపించి, మూస అభిప్రాయాలు లేకుండా అతని గురించి రాయమంది. రాశారు. తర్వాత ఆ మనిషి కుర్చీ ఉన్న గదిలోకి పంపితే, అలాంటి ఆంక్ష లేనివాళ్ళకంటే వీళ్ళే దూరంగా కూర్చున్నారు. కాబట్టి ఆలోచన వచ్చినప్పుడు "వచ్చింది" అని గుర్తించి, చేతల దగ్గర కాపలా పెట్టుకోవడం మేలు.

ఆఫీసులో ఆ కాపలా ఎక్కువ అవసరమయ్యేది ఇంటర్వ్యూ ప్యానెల్లో. అమెరికాలో బెర్ట్రాండ్, ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు ఒకేలాంటి రెజ్యూమేలకి వేర్వేరు పేర్లు పెట్టి దాదాపు 5,000 పంపించారు. 2004లో ఫలితాలు అచ్చయ్యాయి. తెల్లవాళ్ళ పేరుంటే సుమారు 10 రెజ్యూమేలకి ఒక పిలుపు, నల్లజాతివాళ్ళ పేరుంటే సుమారు 15కి ఒకటి. పేరు వల్ల పిలుపు రాకపోవడం మనకీ తెలుసు, రెజ్యూమేలో పేరు కుదించుకున్నవాళ్ళం మనమే. అందరికీ అవే ప్రశ్నలు, అదే వరుసలో అడగాలి. మిగతా ప్యానెల్‌తో మాట్లాడకముందే మార్కులు రాసెయ్యాలి. "టీమ్‌లో కలవడేమో" అని రాయబోతే ఆగి, ఏ జవాబు చూసి అలా అనిపించిందో రాయాలి. అది దొరక్కపోతే ఆ వాక్యం కొట్టెయ్యాలి.

ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళలో కొందరికి ఓ అపోహ ఉంది: సొంత ఇల్లు, ఏజెంటు లేడు, నా ఇష్టం అని. మూడు ఇళ్ళకి మించి లేని ఓనర్లకి 1968 చట్టంలో కొంత మినహాయింపు ఉన్నా, ప్రకటనలకి అది వర్తించదు. పైగా జాతి విషయంలో 1866 నాటి పౌరహక్కుల చట్టం ఏ మినహాయింపూ ఇవ్వదు, 1968లో సుప్రీంకోర్టు అదే తేల్చింది. అద్దెకి మూడు రెట్లు ఆదాయం, ఇంత క్రెడిట్ స్కోరు, ముందొచ్చినవాళ్ళకి ముందు అని షరతులు ముందే రాసిపెట్టుకుని అందరికీ అవే చూపించడం ఒక్కటే దారి.

రాసుకున్న కాగితాన్ని ఏం చెయ్యాలన్నది చాలామంది పొరపాటు చేసే చోటు. దాన్ని తీసుకెళ్ళి పక్క క్యూబికల్‌లో ఉన్న నల్లజాతి సహోద్యోగి ముందు చదవకూడదు. ఆయన పని ఆయనకుంది, మన మనసు తేలికపరచడం అందులో భాగం కాదు. ఫలానా మనిషికి ఫలానా నష్టం చేశామని తెలిస్తేనే క్షమాపణ. అదీ రెండు వాక్యాల్లో, "మీరేమనుకోకండి" లాంటి బేరాలు లేకుండా. వీలుంటే అప్పుడు ఇంటర్వ్యూలో రాసిన మాట సరిదిద్దాలి.

ఆర్నెల్ల విజిట్ మీద వచ్చిన పెద్దవాళ్ళ ముందు మాత్రం కాగితం తీయాల్సిందే. పార్కులో ఎవర్నో చూసి మామగారు ఒక మాట అంటారు, పక్కన స్కూల్లో మార్టిన్ లూథర్ కింగ్ గురించి చదివొచ్చిన మనవరాలు తాతయ్య ముఖంలోకి చూస్తుంది. అక్కడే ఆయన్ని కసిరితే పాప ముందు పరువు పోయిందని అలుగుతారు, మాట మారదు. "ఏ మనిషిని చూసి అంటున్నారు మామయ్యా, ఆయనేం చేశాడు?" అని అడిగితే ఆలోచిస్తారు. ఇంటికొచ్చాక 2015 ఫిబ్రవరి నాటి అలబామా కేసు చెప్పొచ్చు. మనవణ్ణి చూసుకోవడానికి కొడుకింటికి వచ్చిన 57 ఏళ్ళ సురేశ్‌భాయ్ పటేల్ వీధిలో నడుస్తుంటే, సన్నటి నల్లజాతి మనిషి తిరుగుతున్నాడని ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు. ఒక ఆఫీసరు ఆయన్ని నేలకేసి కొట్టాడు. వెన్నుకి ఆపరేషన్ చేశారు, ఒళ్ళు పాక్షికంగా చచ్చుబడింది. అది విన్న మామగారు రేపటి నుంచి వాకింగ్ మానేస్తానంటారు. మానొద్దని, ఇంటి అడ్రసూ ఫోన్ నంబరూ ఉన్న కార్డు జేబులో పెట్టుకోమని చెప్పి, "పెళ్ళైన కొత్తలో నేనూ ఇలాగే అనేవాణ్ణి మామయ్యా, తప్పు" అని పాప వినేలా అనండి.