పర్లాకిమిడి క్యాసెట్టు

విశాఖలో పొద్దున్నే గుణుపురం ప్యాసింజర్ ఎక్కాను. బ్యాగులో ల్యాప్‌టాప్, చిన్న టేప్‌రికార్డరు, స్క్రూడ్రైవర్ల డబ్బా. పాతపట్నం దాటి పర్లాకిమిడిలో దిగితే బోర్డులన్నీ ఒడియాలో ఉన్నాయి, ఆటో బేరం మాత్రం తెలుగులోనే సాగింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. నేను వచ్చింది ఒక పాత కంప్యూటరు కోసం.

"ఏటి బాబూ, ఇంత ఎండలో వచ్చీసినావు, ముందు మజ్జిగ తాగు" అంటూ మాస్టారు అరుగు మీద కుర్చీ వేశారు. లెక్కల మాస్టారుగా రిటైరై చాలా ఏళ్ళయింది.

1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం పెట్టి బడులకు బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు పంపింది. అప్పటికి గజపతి జిల్లా లేదు, ఇదంతా గంజాం. మాస్టారి బడికి వచ్చిన యంత్రాన్ని తర్వాత వేలం వేస్తే ఆయనే కొనుక్కున్నారు. 32 కేబీ మెమరీ, 2 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. మీద దుప్పటి కప్పి, పండక్కోసారి దుమ్ము దులిపేవారట.

ఆన్ చేద్దామా అన్నారు. వద్దన్నాను. ఇంతకుముందు ఇలాంటిదే ఒకటి తొందరపడి ఆన్ చేస్తే ఇల్లంతా పొగ నిండింది. మూత తీసి చూపించాను. పవర్ సప్లైలో కరెంటు లోపలికొచ్చే చోట తేనెరంగు కెపాసిటర్ ఉంది, దాని ఒంటినిండా సన్నటి పగుళ్ళు. ఆ పగుళ్ళలోంచి తేమ లోపలికి చేరితే, కరెంటు తగలగానే పేలుతుంది. పది రూపాయల సామానే, ఇంటికెళ్ళి మార్చేస్తాను. కానీ మాస్టారు రాసిన ప్రోగ్రాము ఉన్న క్యాసెట్టు పోతే మళ్ళీ దొరకదు. నా మటుకు ముందు కాపాడాల్సింది దాన్నే.

ఆ యంత్రం ప్రోగ్రామును శబ్దంగా మార్చి మామూలు పాటల క్యాసెట్టు మీదే దాచేది. కాబట్టి ఆ శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేస్తే చాలు. మొదటిసారి మూగగా, దుప్పటి కింద నుంచి వస్తున్నట్టు వచ్చింది. టేపును చదివే హెడ్ పక్కన ఉండే బుల్లి స్క్రూను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ చెవి ఒగ్గి విన్నాను. ఒకచోట కీచుమనే గొంతు ఒక్కసారిగా తేటపడింది. అక్కడ ఆపి మళ్ళీ మొదటినుంచి రికార్డు చేశాను. ల్యాప్‌టాప్‌లో ఆ పాత కంప్యూటరులాగే నడిచే ప్రోగ్రాము ఒకటుంది, ఎమ్యులేటర్ అంటారు; ఆ సౌండ్ ఫైలును అది చదివే రూపంలోకి మార్చి నడిపించాను.

సెర్చింగ్ అంది. లోడింగ్ అంది. తెర మీద తెలుగు అక్షరాలు వరసగా పడ్డాయి!

మాస్టారు లోపలికెళ్ళి గళ్ళ నోటుబుక్కు తెచ్చారు. పేజీకో అక్షరం. బీబీసీ మైక్రోలో మనకు కావలసిన అక్షరం మనమే చేసుకోవచ్చు. ఎనిమిది అడ్డ గళ్ళు, ఎనిమిది నిలువు గళ్ళు. ఎడమనుంచి ఒక్కో గడికి 128, 64, 32, 16, 8, 4, 2, 1. నింపిన గళ్ళ విలువలు కూడితే వరసకో అంకె, మొత్తం ఎనిమిది అంకెలు. 'ఘ' ఒక్క పెట్టెలో పట్టక రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టారు. పెన్సిల్‌తో ఎన్నిసార్లు చెరిపి గీశారో, ఆ పేజీ చిరిగేలా పలచబడింది.

"ఒడియా మీడియం పిల్లలు, ఇంట్లో తెలుగే. వాళ్ళ భాష ఆ టీవీలో కనబడాలని నా ఆశ" అన్నారు.

తర్వాత కళ్ళజోడు సర్దుకుని తెరకు దగ్గరగా వంగారు. "ఇదిగో, 'క' తలకట్టులో ఒక చుక్క తక్కువుంది. అప్పుడు చూసుకోలేదు." ల్యాప్‌టాప్ ఆయన ముందుకు జరిపాను. ఒక వేలితో వెతుక్కుంటూ ఆ లైను తెచ్చి, మొదటి అంకె 12ను 14 చేశారు. 12కు 2 కలిపితే కుడివైపు ఇంకో చుక్క పడుతుంది.

మళ్ళీ రన్ కొట్టారు. 'క' సరిగ్గా వచ్చింది. నోటుబుక్కులో ఆ పేజీ తీసి, ఆ గడిని కూడా పెన్సిల్‌తో నింపారు.